ఇసుక పరిచిన మడి

పెళ్లికి ముందు రాజకుమారి ఏడేళ్లు కాఫీ నర్సరీలో కూలికెళ్లింది. మట్టి, పేడ ఎరువు, ఇసుక కలిపి మొక్కల సంచులు నింపడం ఆమెకు కళ్లు మూసుకున్నా వచ్చు. అందుకే ఆవు కోసం ఇంటి వెనక గడ్డి మడి వేయాలనుకున్నప్పుడు మరో ఆలోచన రాలేదు. ఊరి పక్క గెడ్డవాగు నుంచి తట్టలతో ఇసుక మోసుకొచ్చి, సంచులకి కలిపినట్టే మడి మట్టిలో కలిపేసింది. నేపియర్ గడ్డి కణుపులు నాటింది.

సంచిలో మొక్కకి నీరు నిలవకూడదు. మడిలో గడ్డికి నిలవాలి. ఆ తేడా మాఘమాసంలో తెలిసింది. పొద్దున పోసిన పన్నెండు బిందెలూ మధ్యాహ్నానికి అడుక్కి దిగిపోయేవి. కణుపు తొడిగిన చిగురు వాడిపోయేది.

ఆవు చూడుతో ఉంది. కొండ మీద మేత అయిపోయింది.

"చైత్రంలో ఇటుకల పండగ లోపల పచ్చగడ్డి రాపోతే అరకు సంతకి తోలి అమ్మీద్దుం," అన్నాడు ఆమె భర్త సోమన్న. "తిండెట్టలేక ఇంటికాడ కట్టీసుకోడం పాపం."

"గడ్డి వస్తాది మావా."

"నీ ఇసక మడిలోనా?"

పక్కింటి ముత్యాలమ్మ దడి అవతల నుంచి నవ్వింది. "ఆవుకి కాఫీ తాగిద్దుమనుకుంది కావాల."

ఓ ఉదయం గెడ్డలో చెలమ తవ్వి నీరు తోడుకుంటూ రాజకుమారి పక్కనున్న గట్టు కేసి చూసింది. వరద కోసేసిన గట్టు అది. పైన మూరెడు మట్టి, కింద ఇసుక. వేలు పెడితే ఇసుక పొడిగా రాలింది. దాని మీది మట్టి మాత్రం, జల్లు పడి వారమైనా, చల్లగా చేతికంటుకుంది. ఆ మట్టిలో గడ్డి పచ్చగా ఉంది.

మర్నాడు పాత మడి పక్కనే కొత్త మడి తవ్వింది.

"మళ్లీ ఇసకేనా?" అన్నాడు సోమన్న.

"అప్పుడు కలిపీసినాను. ఇప్పుడు పరుస్తన్నాను."

"తేడా ఏటి?"

"నాకూ తెల్దు. గట్టు కాడ సూసినాను."

మూరెడు లోతున నాలుగు వేళ్ల మందాన ఇసుక పరిచి, తీసిన మట్టి పైన కప్పింది. పాత కణుపులు పీకి అందులో నాటింది. పన్నెండు బిందెలు పోసింది. మూడో రోజు వేలు గుచ్చితే లోపల ఇంకా తడి. మట్టిలోని నీటిని కింది ఇసుక లాక్కోవడం లేదు. ముత్యాలమ్మ జాలిపడి మరో ఆరు బిందెలు పోసిన రోజు మాత్రం మట్టి పట్టలేక, ఎక్కువైన నీరు ఇసుక దాటి అడుక్కి పోయింది. అప్పటినుంచి మూడు రోజులకోసారి పన్నెండే.

పండగ ముందు సంత రోజుకి గడ్డి నడుమెత్తు పెరిగింది. ఇసుక చాలక పలచగా పరిచిన మూలలో మోకాలి దాకే. రాజకుమారి ఓ మోపు కోసి వేసింది. ఆవు తల ఎత్తకుండా తింది.

రోడ్డు మీద సంతకి పశువుల్ని ఎక్కించుకెళ్లే వ్యాను హారన్ కొట్టింది. సోమన్న ఆవు మెడ నిమిరాడు.

"నానూ ఆవూ రాం, మీరెల్లిపోండి," అని కేకేసి గునపం అందుకున్నాడు.

"ఇంకో మడికి ఎంత లోతు తియ్యాల?"

"మూరెడు."

"నీ మూరా, నా మూరా?"

"నాదే. బేగి తవ్వు, ఎండెక్కుతంది."

ఆమె మోచెయ్యి నేలమీద ఆనించి వేళ్ల కొస దాకా కొలత చూపింది.