మచ్చ పక్షిదా, పక్షి మీదదా

డ్యూటీ దిగినా చేతులకు స్పిరిట్ వాసన పోలేదు. ఆ చేతులతోనే ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఫోన్ తెరిస్తే, బూడిదరంగు సముద్రం మీద ఒక పక్షి. పక్షులు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద నా పేరు రాసి, "మీరే చెప్పాలి మేడమ్" అన్నారు. నేను ఇంతవరకూ సముద్రం చూడలేదు. అయినా నన్నే అడుగుతారు. గర్వంగా ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. అందులో సగానికి పైగా యూసుఫ్ సార్‌ది.

ఇంజెక్షన్ మందుల ఫ్యాక్టరీలో సీసాలు పరీక్షించే మా సెక్షన్‌కి ఆయన సూపర్‌వైజర్. ప్రతి సీసానూ తెల్ల బోర్డు ముందు ఒకసారి, నల్ల బోర్డు ముందు ఒకసారి పట్టి చూడాలి. చేరిన కొత్తలో నలుసు కనబడిన ప్రతి సీసానూ పక్కన పడేస్తుంటే ఆయన వచ్చి, "తిప్పి ఆపు బేటా. నలుసు మందుల ఉంటే ఇంకా తిరుగుతనే ఉంటది, అద్దం మీదుంటే ఆగిపోతది" అన్నారు. ఆ రోజు నుంచి నా కళ్లు ఆయన చెప్పినట్టే వింటున్నాయి.

తమ్ముడు నడిసముద్రంలో చమురు బావి మీద ఎలక్ట్రీషియన్. వాడు పంపే ఫోటోలతోనే నాకీ పిచ్చి పట్టింది. ముక్కు, రెక్క అంచు, తోక చీలిక చూసి పేరు పట్టడం రోజంతా సీసాలు చూసే నాకు పెద్ద కష్టమేమీ కాదు. ఒకసారి వాడు పొట్ట నల్లగా ఉన్న టెర్న్ పక్షి ఫోటో పంపాడు. నదుల దగ్గర ఉండే నల్లపొట్ట టెర్న్ సముద్రంలో కనబడిందని గ్రూపులో పెట్టేశాను. అభినందనలే అభినందనలు. ఒక పెద్దాయన నా పేరుతో పత్రికలో వేయిస్తానన్నారు. పదో తరగతితో చదువు ఆగిన దాని పేరు అచ్చులో.

మర్నాడు టీ టైములో సార్‌కి చూపించాను. ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూశారు.

"మన ఫ్యాక్టరీ ఎనక మురికి కాలువల కొంగలు పొద్దున తెల్లగ దిగుతయి, సాయంత్రానికి పొట్ట నల్లగైతది. గవి నల్ల కొంగలా? గీ మచ్చ పక్షిదా, పక్షి మీదదా? ఇంకో దిక్కు ఫోటో ఉన్నదా?"

తమ్ముణ్ణి అడిగితే పంపాడు. ఆ వైపు పొట్ట మల్లెపువ్వులా తెల్లగా ఉంది. చమురు అంటుకుంది, అంతే.

"ఈ ఫోటో సంగతి ఎవరికీ తెల్వది సార్" అన్నాను మెల్లగా.

"నీకు తెల్సింది గద" అని ఆయన గ్లాసు పట్టుకుని లేచిపోయారు.

ఆయన మీద కోపమొచ్చింది. సాయంత్రానికి అది నా మీదికే తిరిగింది. డ్యూటీ దిగి, "నేను పొరబడ్డాను, అది చమురు మరక" అని రాసి రెండో ఫోటో జత చేశాను. ఒకరిద్దరు వెక్కిరించారు. కానీ అనుమానం వచ్చిన ఫోటోలు నాకు పంపడం మొదలైంది ఆ తర్వాతే.

సార్ రిటైరైన రోజు క్యాంటీన్‌లో అందరి ముందు, "సముద్రం జూడకుండనే తప్పు పట్టింది మా పిల్ల" అన్నారు.

"పట్టింది మీరు గద సార్."

"మరక నేను జూసిన. మెసేజ్ నువ్వు పెట్టినవ్. రెండిట్ల ఏది కష్టమో నాకెరుకే బేటా."

ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని ఫోటో పెద్దది చేశాను. చాలా అరుదైన పక్షి అంటోంది గ్రూపంతా. అదే అయితే బాగుండునని నాకూ ఉంది.

"ఇంకో వైపు ఫోటో ఉందా?" అని రాశాను.