ఉలవలను పస్తు పెట్టడానికి ఒప్పుకోని సిద్దమ్మ

సిద్దమ్మది శింగనమల పక్కన ఒక పల్లె. మూడేండ్లు వరసగా శెనక్కాయ పంట పోయినాక అనంతపురం వచ్చి, ఒక కాలేజీలో వృక్షశాస్త్రం వాళ్ల తోటలో నీళ్లు పోసే పనికి కుదిరింది. ఆమె చేతిలో మొక్క చావదని ఆ కాలేజీలో అందరూ ఒప్పుకుంటారు. ఈ కథలో చిక్కు వచ్చింది సరిగ్గా అందువల్లే.

రెండువేల ఐదులో అనుపమ అనే అమ్మాయి అక్కడ పరిశోధనకు చేరింది. పాతూరులో బట్టల అంగడి రామకృష్ణయ్య బిడ్డ. ఆకు పచ్చగా ఉండేది దాని లోపలి హరితరేణువుల వల్ల. ఆ రేణువులకు వాటి సొంత డీఎన్ఏ ఉంటుంది, చాలా మొక్కల్లో అది తల్లి మొక్క నుంచే వస్తుంది. ఉలవ, వెంపలి, తంగేడు, శెనక్కాయ అన్నీ చిక్కుడు జాతివే కదా, వీటిలో ఏది ఎప్పుడు ఏ దారి పట్టిందో ఆ డీఎన్ఏ చదివితే తెలుస్తుందని అనుపమ లెక్క. మొదట ఉలవ. ఆకులు నూరి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి రేణువులను చెడకుండా వేరు చేయాలి. వాటిలోంచి తీసిన డీఎన్ఏను చదివించడానికి హైదరాబాదు పంపాలి.

అనుపమ ఆరు కుండీల ఉలవ మొక్కలు చూపించి, కోసే ముందు రెండు రోజులు సామాన్ల గదిలో పెట్టమంది, మధ్యలో తలుపు తీయొద్దని మరీ మరీ చెప్పింది. ఆ గదికి కిటికీ లేదు. ఎందుకు పెట్టాలో ఆమె చెప్పలేదు, సిద్దమ్మ అడగలేదు.

మూడో రోజు కోసిన ఆకులతో రేణువులు రాలేదు. యంత్రం ఆగినాక గొట్టంలో పచ్చటి నీళ్లు, అడుగున తెల్లటి మడ్డి. అనుపమ మందులు మార్చింది. ఇరవై రోజుల తర్వాత కొత్త మొక్కలతో మళ్లీ చేసింది, మళ్లీ మడ్డే. విభాగం పెద్ద లక్ష్మీపతి సారు వచ్చి గొట్టం వెలుతురుకు పెట్టి చూసి, మొక్కల్లోనే ఏదో లోపం ఉందని తేల్చినాడు. మూడోసారీ ఇట్లే అయితే తోటకు వేరే మనిషిని పెడదామని వసారాలో అన్నాడు. సిద్దమ్మ అక్కడే కుండీలు కడుగుతాండాది. ఆ ఏడు ఊర్లో కూలి లేదు, ఈ పని పోతే ఇంకో పని లేదు. మూడోసారి మొక్కలకు ఇంకా బాగా చేయాలని మనసులో అనుకుంది.

చేసింది కూడా.

మూడోసారి అనుపమ కోసే ముందు ఒక ఆకును స్పిరిట్‌లో ఉడికించి, తెల్లబడినాక అయోడిన్ చుక్క వేసి చూసింది. ఆకులో పిండి ఉంటే నల్లబడుతుంది. బొగ్గులాగా నల్లబడింది. రెండు రోజులు చీకట్లో ఉన్న ఆకులో పిండి ఎక్కడిదని ఆమె గదంతా వెతికింది. గోడల్లో సందు చూసింది, పైకప్పు చూసింది. తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుని, ఎవరన్నా అడిగితే బాగుండు అన్నట్టు సిద్దమ్మకు వివరం చెప్పసాగింది. ఆకు ఎండలో పిండి వండుకుని ఆ రేణువుల్లోనే దాచుకుంటుంది. యంత్రం తిప్పేటప్పుడు ఆ పిండి గింజలు బరువుకు లోపలినుంచే రేణువును చించేస్తాయి. అందుకే ఆకును చీకట్లో పెట్టి, దాచుకున్న పిండి అంతా తినేసేదాకా పస్తు ఉంచాలి.

సిద్దమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది.

వాళ్ల ఊర్లో పెళ్లికి పాలికలనే మట్టి మూకుళ్లలో నవధాన్యాలు పోసి గదిలో పెడతారు. అవి మొలిచినంత కాలం అక్కడ దీపం ఆరకూడదు. దీపం లేని గదిలో పైరు పెడితే ఆ ఇంటికి మంచిది కాదు. కాలేజీలో నూనె దీపం వద్దంటారని ఆమె మొదటిసారి నలభై వాట్ల బల్బు వేసింది. స్విచ్చు గది బయటే, తలుపు తీయలేదు. ఎలుకలకని గడప కింద గోనెసంచి కుక్కింది కాబట్టి వెలుతురు బయటికి రాలేదు. మూడో రోజు పొద్దున అనుపమ వచ్చే ముందు, తెల్లవారినాక ఇంకెందుకని ఆర్పేసింది. మొదటిసారి పాడైనాయంటే వెలుతురు చాలలేదేమోనని రెండోసారి అరవై వేసింది. ఈసారి నూరు, దాన్నీ తీగ లాగి ఆకులకు జానెడు ఎత్తులో వేలాడదీసింది. కుండీలు బయటికి తెచ్చేటప్పుడు తీగ మళ్లీ పైకి చుట్టేసింది.

ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అనుపమ అప్పటికే పైకప్పు సందు మూయడానికి మనిషిని పిలవాలంటోంది.

"కప్పుది కాదు పాపా. లైటు ఏసినాను, నేనే," అంది సిద్దమ్మ.

"మూడుసార్లూనా అక్కా?"

"మూడుసార్లూ. నువ్వు తలుపు తీయద్దంటివి, తీయలే. లైటు ఏయద్దని యాడ చెప్పినావు?"

చెప్పలేదని అనుపమ ఒప్పుకుంది.

కోయని కుండీలు అయిదున్నాయి. వాటిని ఇంకో రెండు రోజులు లోపల పెట్టాలి, బల్బు లేకుండా. సిద్దమ్మ కుదరదంది. పైరును ఎండగట్టేది మా ఊర్లో దేవుడే చేస్తాండాడు, నేను కూడా యాల చేసేది అంది. అనుపమ బతిమాలింది. గడప దగ్గర నిలబడి సిద్దమ్మే దారి కనుక్కుంది. దీపం ఉండాలన్నారు గానీ లోపలే ఉండాలని పెద్దలెవరూ చెప్పలేదు. తలుపుకు కంబళి కట్టి, వసారాలో ప్రమిద పెట్టింది. గదిలో అయిదు కుండీలు చీకట్లో ఉన్నాయి. అవతల దీపం ఎలిగింది. ఎవరి నియమం వాళ్లకు నిలబడింది.

రెండు రోజులకు అయోడిన్ వేసిన ఆకు రంగు తిరగలేదు. గొట్టంలో చెడని రేణువులు పచ్చటి పట్టీగా చక్కగా నిలిచినాయి. డీఎన్ఏ ఐసు డబ్బాలో హైదరాబాదు బస్సెక్కింది.

తర్వాత తంగేడు, వెంపలి, శెనక్కాయలవీ అట్లే తీసి పంపింది. అన్నీ చదివి పంపించేసరికి నెలలు పట్టింది. తంగేడులో ఉన్న జన్యువుల వరుసలో ఒక పొడవాటి ముక్క ఉలవలో తలకిందులుగా ఉంది. వెంపలిలోనూ, శెనక్కాయలోనూ అంతే. ఎప్పుడో ఒక తల్లి మొక్కలో తిరగబడింది, బిడ్డలన్నీ అట్లే మోసుకొచ్చినాయని అనుపమ చెప్పింది. తిరగబడినా గింజ కాస్తాండాది కదా అంది సిద్దమ్మ.

లక్ష్మీపతి సారు మొదటి ప్రయత్నాలు ఎందుకు పాడైనాయో రాసివ్వమన్నాడు. అనుపమ 'గది తగినంత చీకటిగా లేదు' అని రాసింది. అది నిజమే. వేరే మనిషి మాట సారు మళ్లీ ఎత్తలేదు.

ఆ వాక్యం చదివి వినిపిస్తే సిద్దమ్మకు నచ్చలేదు.

"గది ఏం చేసింది పాపా? సిద్దమ్మ ఏసిందని రాయి."

ఆమె పని పోతుందని అనుపమ భయపడింది. సిద్దమ్మ పక్కనే నిలబడి, తన పేరు రాసేదాకా కదలలేదు.