తునికాకుకు నేను పెట్టిన మైనస్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. మణుగూరు కాలనీలో పెరిగి, అడవిని బస్సు కిటికీలోంచి తప్ప చూడని నన్ను మా ఆఫీసు ములకలపల్లి వైపు ఒక ఊరికి పంపింది. బీడీలు చుట్టే తునికాకు దిగుబడిని కంప్యూటర్లో సిమ్యులేషన్ చేయాలి. దేనివల్ల ఏది మారుతుందో బాణాలు గీసి, పెరిగితే ప్లస్, తగ్గితే మైనస్ పెట్టాలి. (ఇంతేనా అనుకున్నాను. అలా అనుకున్నవాళ్లకే ఇలాంటివి జరుగుతాయి.)

ఎండలు ముదరకముందే ఊరి ఆడవాళ్లు తునికి పొదలను నరికేస్తుంటే నా గుండె తరుక్కుపోయింది. వెంటనే ‘కొమ్మ కొట్టడం’ నుంచి ‘ఆకు’కు బాణం గీసి, దర్జాగా మైనస్ పెట్టాను. సిమ్యులేషన్‌ను రెండు వారాల దాకా నడిపితే ఆకు సున్నా. ఇంకేం, ఈ ఏడు కొమ్మ కొట్టడం ఆపించాలని రిపోర్టు రాసిపారేశాను. అది మా సారుకు చేరితే మర్నాటి నుంచి పని బంద్. నా ఉద్యోగం పర్మనెంటయ్యేదీ దానితోనే.

పంపేముందు ఊరివాళ్లకు చూపించడం రూలు. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి చూపిస్తుంటే, ఆకు ఆరబెట్టే కల్లం చూసుకునే పెద్దావిడ (అందరికీ కల్లం పెద్దమ్మ) కొడవలి పక్కన పెట్టి ముందుకు వంగింది.

“గీ గీత కిందికి పడ్డదేంది బిడ్డా?”

“మీరు కొమ్మలు కొడుతున్నరు కదా పెద్దమ్మా, ఆకు పోయింది.”

“అవ్, పోతది. మల్ల?”

“మళ్లీ ఏముంది? అయిపోయింది.”

“గంత జల్దీ ఆపినవేంది? ఇంకో నెలన్నర నడిపియ్యి. కొట్టకుంటే ముదురాకే ఉంటది, బీడీకి పనికిరాదు. కొడితేనే లేతాకు ఇగురు పెడతది. గది లేకుంటే ఎండాకాలం మేమేం తినాలె, నీ గీతనా?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కారణానికీ ఫలితానికీ మధ్య ఆలస్యం పెట్టడానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక బటనే ఉంది. (ట్రైనింగ్‌లో ఆ పాఠానికి నాకే ఎక్కువ మార్కులు.) నెలన్నర ఆలస్యంతో ఇంకో బాణం గీసి, దానికి ప్లస్ పెట్టి నడిపాను. పడ్డ గీత కాసేపు అలాగే పడుకుని, లేచి, మునుపటికంటే పైకి వెళ్లింది. “గిప్పుడు సరిగ్గున్నది” అని పెద్దమ్మ కొడవలి తీసుకుని పనికి వెళ్లిపోయింది.

రిపోర్టు మార్చి పంపాను. పని ఆగలేదు, వేసవిలో కల్లం నిండా ఆకే. “ఈ ఆలస్యం సంగతి ఎట్ల పట్టినవమ్మా?” అని సారు ఫోన్‌లో మెచ్చుకుంటే, “ఫీల్డ్ అబ్జర్వేషన్ సార్” అన్నాను, గొంతైనా వణకలేదు. ఉద్యోగం పర్మనెంటయింది. ఇప్పుడా రిపోర్టు తీస్తే ముందు నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది. చివర్లో ఆమె పేరు చేర్చాలని ఎన్నిసార్లు అనుకున్నానో! కానీ నెల రోజులు ఆమె పోసిన జావ తాగిన ఈ మహా మేధావికి, “నీ పేరేంది పెద్దమ్మా?” అని అడగాలని ఒక్కసారీ తోచలేదు.