యోసేపు ఇంటి నంబరు

యోసేపు ఇరవై ఏళ్లు వలస కూలీగా పట్నాలలో స్లాబులు పోశాడు. స్లాబు గట్టిపడేదాకా దానిని మోసే ఇనుప జాకీలకు వరుసగా రంధ్రాలుంటాయి. చీల తీసి పై రంధ్రంలో గుచ్చితే ఎత్తు పెరుగుతుంది. సోమశిల దగ్గర, ఆనకట్ట ఆపిన కృష్ణ వెనుకనీరు ఏటా ఎక్కి దిగే తన ఒడ్డుకు ఆయన తెచ్చుకున్న సంపాదన ఆ కిటుకే. తుక్కులో దొరికిన ఎనిమిది జాకీలను వెడల్పు బండలపై నిలిపి, మోకులతో గుట్టకు బిగించి, పైన పలకల నేల, తడకల గోడలు, రేకుల కప్పు అమర్చాడు. నీరు మూరెడు పెరిగితే ఆయనా, భార్య సత్యమ్మా గడ్డపారలతో ఒక్కో మూలనూ ఒక్కో రంధ్రం పైకి ఎత్తేవారు. చుట్టూ మట్టిగోడలు కరిగిన ఏడు కూడా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు.

2007లో ఇళ్లకు నంబర్లు వేయడానికి రామచంద్రయ్య అనే అధికారి వచ్చాడు. నంబరుంటేనే ముంపు జాబితాలో పేరు. పేరుంటేనే గట్టు మీద ఇంటిస్థలం.

"ఏందిరా ఇది? ఇల్లా, సర్కస్ డేరానా?"

"ఇల్లే సార్. నీళ్లొస్తె లేస్తది."

"లేస్తదా? మేత గిట్ల పెడుతున్నవా దానికి?"

నవ్వి, రిజిస్టరులో 'నివాసము కాదు, కదిలే సామాను' అని రాసుకుపోయాడు. యోసేపు తరఫున, ఊరి బడిపంతులునైన నేను మూడు అర్జీలు రాశాను. మూడింటికీ ఆ నాలుగు మాటలే జవాబు. నకళ్లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

2009 అక్టోబరు వరదలో నష్టం రాసుకోవడానికి వచ్చిన రామచంద్రయ్య ఎక్కిన పుట్టి పడవకు నడినీటిలో చిల్లుపడింది. కనుచూపు మేరలో నీటిపైన నిలిచిన ఇల్లు యోసేపుది ఒక్కటే. సత్యమ్మ గడపలో నిలబడింది.

"సామాను మీదికి ఎక్కుతరా సార్? ఇజ్జత్ పోదా?"

"మజాక్ వద్దమ్మా, జర చెయ్యియ్యి!"

చెయ్యి యోసేపు ఇచ్చాడు. ఆ అధికారి రెండు రోజులు వారి జొన్నరొట్టె తిన్నాడు, వారి పొడి పలకలపై పడుకున్నాడు. నీరు తీశాక నంబరు అడిగితే, "రూలు మారదు యోసేపూ" అన్నాడు.

యోసేపు నేరుగా నా దగ్గరకు వచ్చాడు. "పంతులు సారూ, ఇగ వాన్ని ఇడ్వద్దు."

విడిచిపెట్టలేదు. సమాచార హక్కు కింద వరదరోజుల నివేదికలు తెప్పించాను. ప్రశంసాపత్రం ఆశించి రామచంద్రయ్య స్వహస్తంతో రాసుకున్న వాక్యం దొరికింది: 'యోసేపు ఇంటిలో బస చేసి రెండు దినములు విధులు నిర్వర్తించితిని.' జనవరిలో రామచంద్రయ్య ఎదుటే, పై అధికారి బల్లపై ఆ కాగితాన్నీ, పాత రిజిస్టరు పుట నకలునూ పక్కపక్కన పరిచాం.

"మీరు రెండు రాత్రులు పండింది ఇంట్లనా సార్, సామాన్లనా?" అని యోసేపు ఆయనను అడిగాడు.

ఏ జవాబు చెప్పినా ఒక కాగితం అబద్ధమవుతుంది. ఆ ముఖం చూసి నేను పొందిన తృప్తిని దాచుకోను. నంబరూ, జాబితాలో పేరూ మంజూరయ్యాయి. నంబరు బిల్లను స్వయంగా బిగించి రమ్మని రామచంద్రయ్యనే ఆదేశించారు.

ఆ ఉదయం ఒడ్డున చుక్క నీరు లేదు. అయినా యోసేపు ఇంటిని చిట్టచివరి రంధ్రానికి ఎత్తి, నిచ్చెన వేసి, వాడనంతా పిలిచి కూర్చోబెట్టాడు. రామచంద్రయ్య సుత్తి చంకన పెట్టుకొని ఎక్కి, బిల్ల కొట్టాడు.

"ఒంకర కొట్టిండ్రు సార్," అన్నది సత్యమ్మ కింది నుంచి. "దిగి జూస్తె తెలుస్తది."

ఆయన దిగి చూశాడు. మళ్లీ ఎక్కాడు.