చేట పట్టుకున్న ఆడమనిషి

మేడ్చల్ లైబ్రరీలో శిల్పాల మీద ఉన్నవి రెండే పుస్తకాలు. రెండూ మూడేసి సార్లు చదివాను. ఇనుప చువ్వలు వంచి కట్టడం, కోళ్ల జాలీ చుట్టడం, మీద ఇసుక సిమెంటు మెత్తడం అక్కడే నేర్చుకున్నాను. ఏ మేస్త్రీ కాళ్లూ పట్టుకోలేదు.

రావల్‌కోల్‌లో మా ఇంటికీ మా అన్న ఇంటికీ మధ్య ఉమ్మడి జాగా ఉంది. నా పూలమొక్కలు అక్కడే. ఔటర్ రోడ్డు వచ్చి భూముల ధరలు పెరిగాక ఆ జాగా మీద మా ఇద్దరికీ మాటలు సరిగ్గా లేవు. అయినా ఆ మొక్కల మధ్యనే, చేటతో బియ్యం చెరుగుతూ కూర్చున్న ఆడమనిషిని చేశాను. ముక్కు కుదరక ఆరుసార్లు గీకాను.

సిమెంటు బొమ్మను వారం రోజులు తడిగా ఉంచాలి, లేకపోతే పగులుతుంది. గోనె సంచులు కప్పాను. తలకు సంచి చాలలేదు. మా ఆవిడ పాత ఎర్రచీర ముక్క తడిపి వేశాను. పుస్తకంలో తడిబట్ట అని ఉంది కానీ, రంగు సంగతి లేదు.

రెండోరోజు అన్న వచ్చాడు.

"ఏందిరా, ఎర్రచీర కప్పి దేవతను కూసోబెట్టినవ్? ఇగ గీ జాగ గుడిదైతది, గుడి నీదైతది. గంతేనా?"

"దేవత కాదన్నా, తోటల పెట్టే బొమ్మ."

"బొమ్మకు పొద్దుమాపు తానం జేపిస్తరా?"

"నీళ్లు తాగితెనే సిమెంటు గట్టిపడ్తదని పుస్తకంల ఉంది."

"గీ జాగ ఎవనిదో గూడ ఉందా నీ పుస్తకంల?"

వెళ్లి రెండిళ్లకూ ఉన్న ఒక్క బోరు మోటారు బంద్ చేశాడు. స్విచ్చు ఆయన ఇంట్లోనే ఉంది. మా ఆవిడ వీధి నల్లా దగ్గర బిందెలు పట్టుకొచ్చుకుంది. బొమ్మకు చుక్క కూడా ఇవ్వనంది.

నాలుగోరోజుకు సంచులు అప్పడాల్లా ఎండాయి. వెనక వీధి అవ్వ గోడ దగ్గర ఆగింది.

"గిదేందిరా, తల్లిని కూసోబెట్టి గిట్ల ఎండగడ్తున్నరు? ఊరికి అరిష్టం గాదా?"

కాదవ్వా, బొమ్మ అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆమె తన దారిన పోతుంది. మింగేశాను.

"అన్న మోటరు బంద్ జేసిండవ్వా," అన్నాను.

సాయంత్రానికి ఆడవాళ్లు పసుపు కలిపిన నీళ్ల బిందెలతో, యాపమండలతో వచ్చారు. బొమ్మ తల మీంచి పోశారు. వారం నిండేదాకా రెండుపూటలా పోశారు. నేను గట్టు మీద కూర్చుని సంచులు అంచులదాకా తడుస్తున్నాయో లేదో చూసుకున్నాను.

ఎనిమిదోరోజు పొద్దున సంచులు తీశాను. వెనకే అన్న గడ్డపార పట్టుకొచ్చాడు. అవ్వ అడ్డం నిలబడింది.

"ముట్టు సూద్దాం! కండ్లు పోతయ్ బిడ్డా."

అన్న గడ్డపార కింద పడేసి నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వే చెప్పురా గందరి ముందల. బొమ్మనా, దేవతనా?"

ఆడవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. నేను బొమ్మ భుజాలు చూశాను, మెడ చూశాను, చేట అంచు చూశాను. ఎక్కడా పగులు లేదు. "పగుల్లేదన్నా," అన్నాను.