రేణుకమ్మ చెవిన పడ్డ పావు వాటు

రేణుకమ్మ ముప్పయ్యేళ్లు కోదాడలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా పనిచేసింది. కటకాలు తుడవడం, తీగలు చుట్టిపెట్టడం, పిల్లలు పాడుచేసిన మీటర్లను లెక్చరరు కంటబడక ముందే బాగుచేయడం ఆమె పనులు. అక్కడి లెక్చరరు వెంకటేశ్వర్లు సారుకు హాం రేడియో, అంటే సొంత సెట్టుతో దేశదేశాల వాళ్లకు కబుర్లు పంపే పిచ్చి పట్టుకుంది. మధ్యాహ్నం డబ్బా తినగానే బల్లమీద మోర్సు మీట పెట్టుకుని టకటకా కొడుతూ కూర్చునేవాడు. ఆ చుక్కలూ గీతలూ కలిసి అక్షరాలవుతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గోడమీది చార్టు చూసి తనే తెలుసుకుంది.

ఒకరోజు సారు ఏదో కొడుతుంటే, వెనకనుంచి బీకర్లు కడుగుతూనే అంది. "అది ఎఫ్ కాదు సార్, ఎల్."

సారు తిరిగి చూశాడు. "నీకెట్లా తెలుసమ్మా?"

"మీరు ఏడాది సంది తప్పు కొడ్తుంటే, వినీ వినీ ఒప్పేందో తెల్సింది సార్."

ఇద్దరూ కలిసి హైదరాబాదు వెళ్లి లైసెన్సు పరీక్ష రాశారు. రేణుకమ్మ మొదటిసారే పాసయింది. సారు రెండోసారి పాసయ్యాడు. ఆ సంగతి సారు ఎవరికీ చెప్పలేదు. రేణుకమ్మ చెప్పకుండా వదిలిన మనిషి కోదాడలో దొరకడం కష్టం.

రిటైరయ్యాక మిర్యాలగూడలో సొంతింటికి వచ్చేసింది. భర్త పెద్దులు ఇంకా ఒక రైసుమిల్లులో కాటా దగ్గర లారీలు తూస్తున్నాడు. ఇంట్లో ఆమెకు ఒక రేడియో, ఒక నోటుబుక్కు, మేడమీద నీళ్ల ట్యాంకునుంచి పక్కింటి అంజమ్మ పిట్టగోడ దాకా రేడియో సంకేతాలు పట్టడానికి కట్టిన రాగి తీగ ఉన్నాయి. దానిమీద లంగాలు ఆరేసుకుంటానని అంజమ్మ అడిగితే, "ఎయ్యి. గాని జపానోళ్ల ముచ్చట్లు బట్టలకు అంటుకుంటయ్. ఉతికినా పోవు," అంది రేణుకమ్మ. అప్పటినుంచి అంజమ్మ ఆ తీగ కింద నడవాల్సి వచ్చినా కొంగు దగ్గరికి లాక్కుంటుంది.

రేణుకమ్మకు గట్టిగా మాట్లాడే స్టేషన్లంటే లెక్కలేదు. "అరిస్తే ఎవరికైనా ఇనబడ్తది" అని పక్కకు తిప్పేస్తుంది. ప్రపంచంలో కొందరుంటారు. దగ్గర పెద్ద రేడియో ఉన్నా, కావాలనే అతి తక్కువ కరెంటుతో సంకేతం పంపి, ఎంతదూరం పోతుందో చూసుకుంటారు. వాళ్లను పట్టుకోవడమే ఆమె సరదా. విన్నది నోటుబుక్కులో రాసుకుని, 'నీ సంకేతం ఫలానా ఊళ్లో, ఫలానా టైముకు నాకు వినిపించింది' అని వాళ్లకు కబురు పంపుతుంది.

అట్లాంటి మనిషే ఫిన్లాండులో యార్మో అనే రిటైరైన బస్సు డ్రైవరు. పదిరోజులపాటు రోజూ పావు వాటుతో సంకేతం పంపుతానని రేడియోవాళ్ల ఫోను గ్రూపులో చెప్పాడు. పాతకాలపు జీరో బల్బు తినే కరెంటులో యాభయ్యో వంతు కూడా కాదది. అతను పంపే టైము మనకు సాయంత్రం అయిదున్నర. దూరం ఆరువేల కిలోమీటర్ల పైచిలుకు. మొదటి నాలుగు రోజుల్లో మనదేశం నుంచి ఎవరూ వినలేదు.

వినేది నేనే అనుకుంది రేణుకమ్మ. కాని అంతకు నెలరోజుల ముందునుంచే ఆమె రేడియోలో ఒకటే గుర్రు. మిల్లులో ఊక ఊదే ఫ్యాను చెవిలో పెట్టినట్టు. అయిదోరోజు, శనివారం సాయంత్రం కరెంటు పోయింది. బ్యాటరీమీద నడుస్తున్న రేడియోలో గుర్రు ఒక్కసారిగా ఆగిపోయింది. రెండు నిమిషాలకు కరెంటొచ్చింది, గుర్రూ వచ్చింది. అంటే దొంగ ఉన్నది కరెంటు తీగల్లోనే.

లైన్‌మెన్ హన్మాకు ఫోను చేసింది. "తమ్మీ, రోజూ అయిదున్నరకు మా గల్లీకి జర పది నిమిషాలు కరెంటు బందు పెడ్తవా?"

"ఎందుకక్కా?"

"ఫిన్లాండు ఇనాలె."

"నా నౌకరి ఊడ్తదక్కా," అని హన్మా ఫోను పెట్టేశాడు.

ఇక తనే బయల్దేరింది. పాత జల్లెడ చట్రానికి తీగ చుట్టి, జేబు రేడియోకు తగిలించింది. గుర్రు ఏ ఇంటినుంచి వస్తుందో ఆ ఇంటివైపు తిప్పితే రేడియో గట్టిగా మోగుతుంది. ఆదివారం పొద్దున పదింటికి, గల్లీ మొదట్లోకి పోయి రేడియో పెట్టి, జల్లెడ పైకెత్తి పట్టుకుని నడక మొదలుపెట్టింది. ప్రతి స్తంభం దగ్గరా ఆగడం, జల్లెడను అటూ ఇటూ తిప్పడం, నొసలు చిట్లించడం.

మూల ఇంటి రాజు అడిగాడు. "ఏం సూస్తున్నవక్కా?"

"కరెంటు ఏడ కారుతుందో సూస్తున్న."

ఆమె నిజమే చెప్పింది. కాని ఆ మాట ఆమెకంటే ముందు గల్లీ చివరికి చేరింది. మూడో ఇంటిమీద ఒకాయన మెయిన్ తీగకు తగిలించుకున్న కొండీని కర్రతో లాగేస్తూ, ఈమెను చూసి, "బట్టలారేసే తీగక్కా," అన్నాడు. అయిదో ఇంట్లో నీళ్ల మోటరు మధ్యలో ఆగిపోయింది. పిండిగిర్ని ఆయన ఆదివారం సెలవని అప్పటికప్పుడు షట్టరు దించేశాడు. లోపల ఇద్దరు ఆడవాళ్లు జొన్నలతో చిక్కుకుపోయారు.

తనను కరెంటు దొంగతనాలు పట్టే మనిషనుకుంటున్నారని రేణుకమ్మకు అర్థమైంది. మంచి మనిషైతే అక్కడే ఆగి, కాదని చెప్పాలి. రేణుకమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. నోటుబుక్కు తీసింది. అప్పటినుంచి ప్రతి స్తంభం దగ్గరా ఆగి, తలాడిస్తూ ఏదో రాసుకుంది. రాసింది ఇంటికి కావలసిన సామాను: చింతపండు కిలో, ఎండుమిర్చి పావు, బట్టల సబ్బులు నాలుగు.

గల్లీలో ఏడు కొండీలు దిగాయి. గుర్రు మాత్రం దిగలేదు.

హన్మా సైకిలుమోటరుమీద పరుగున వచ్చాడు. "అక్కా, మూడేండ్ల సంది నేను దండం పెట్టినా దిగని కొండీలు, నీ జల్లెడకు దిగినయ్! జర ఎనక గల్లీకి గూడ వస్తవా?"

"నా పని కానీ, సూద్దాం," అని ఆమె ఇంటివైపు తిరిగింది. తిరిగేసరికి రేడియో స్వరం పెరిగింది. గేటు దగ్గర ఇంకా పెరిగింది. గడప దాటగానే బర్రున అరిచింది.

పెద్దులు కుర్చీలోంచి లేచి, వెనకగదిలో బియ్యం బస్తాలకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆడికి పోకు. తేలున్నది."

రేణుకమ్మ బస్తాల సందులోకి వంగి చూసింది. "తేలుకు ప్లగ్గు ఉంటదా?"

పెద్దులు నేలచూపులు చూశాడు. బస్తాల వెనక గోడకు తెల్లటి చిన్న డబ్బా, దానిమీద మిణుకుమిణుకుమని ఎర్రలైటు. సూర్యాపేట బస్టాండులో కొన్నాడట. మనుషులకు వినబడని చప్పుడు చేసి ఎలుకల్ని తరిమేస్తుందట. బస్టాండులో కొన్న వస్తువు గడప తొక్కొద్దని ఇంట్లో హుకుం ఉంది కాబట్టి, నెలరోజుల కింద చాటుగా పెట్టాడు.

"ఎలుకలు పోయినయా?" అడిగింది రేణుకమ్మ.

పెద్దులు ఒక బస్తా మూల చూపించాడు. కొత్తగా కొరికిన చిల్లు. "పోలె."

"ఎలుకలు పోలె. ఫిన్లాండు పోయింది."

ఆమెకు కోపం కంటే నవ్వే ఎక్కువ వచ్చింది, కాని నవ్వితే బేరం చెడుతుంది. డబ్బా పీకి చేతిలో పట్టుకునే షరతులు చెప్పింది. గల్లీ అంతా గాలిస్తే దొంగ పెద్దులే అని తేలిన సంగతి తను బయటపెట్టకుండా ఉండాలంటే, యార్మో చెప్పిన పదిరోజులూ అయ్యేదాకా సాయంత్రం అయిదునుంచి ఆరుదాకా ఫ్యాను బందు, ఫ్రిజ్జు బందు, పెద్దులు పక్కన కూర్చుని చప్పుడు చేయకుండా ఉండాలి.

"దగ్గొస్తే?"

"మింగు."

ఆ సాయంత్రం ఏమీ వినబడలేదు. సోమ, మంగళ, బుధవారాలూ అంతే. పెద్దులు మిల్లునుంచి గంటముందే వచ్చి, చెమటలు కక్కుతూ, దగ్గులు మింగుతూ కూర్చున్నాడు. గురువారం చివరిరోజు. అయిదూ ముప్పైనాలుగుకు రేణుకమ్మ చెయ్యి గాల్లో ఆగింది. పెన్సిలు కదిలింది. ఒక అక్షరం, ఇంకోటి, ఒక అంకె. ఆమె మొహం చూసి, బీపీ పెరిగిందేమో అనుకున్నాడు పెద్దులు. ఆమె ఒక ఇయర్‌ఫోను తీసి అతని చెవిలో పెట్టింది.

ముందు వాన చప్పుడు లాంటిదే వినిపించింది. తర్వాత దాని అడుగున, లోతు బావిలో కీచురాయి కూసినట్టు, సన్నగా.

"గిదేనా?"

"గిదే."

"గింత దానికా నన్ను అయిదొద్దులు ఉడకబెట్టినవ్?" అని గొణిగాడు. ఆమె వేలెత్తేసరికి నోరు మూశాడు. చప్పుడు మాయమైంది. నిమిషం గడిచింది. తనే ఆమె మోచెయ్యి పట్టుకుని ఊపాడు. "మళ్ల వచ్చె! వచ్చె, రాసుకో!"

నోటుబుక్కు పేజీ ఫోటో తీసి యార్మోకు పంపింది. పేజీ పైసగం ఆదివారం నాటిదే. మనదేశం నుంచి విన్నది మీరొక్కరేనని, చాలా సంతోషమని అతను బదులు రాశాడు. ఫోనులో అనువాదం చేయించుకున్నట్టున్నాడు, కింద ఇంకో వాక్యం: 'ఈ చింతపండు కిలో అంటే సంకేతం బాగుందనా, బాగలేదనా?'

చాలా బాగుందని రాసింది రేణుకమ్మ.

తర్వాతి ఆదివారం హన్మాకోసం వెనక గల్లీలో నడిచింది. అసలు రేడియోలో సెల్లు కూడా వేసుకోలేదు. తొమ్మిది కొండీలు దిగాయి.

రెండు నెలలకు ఫిన్లాండు నుంచి పోస్టులో కార్డు వచ్చింది. దానిమీద మంచులో, చెవులమీదికి టోపీ లాక్కుని, అరచేతిలో ఇమిడే రేడియో పట్టుకుని నవ్వుతున్న ముసలాయన ఫోటో. పోస్టుమాన్ దాన్ని పొరపాటున పక్కింట్లో ఇచ్చాడు. అంజమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకొచ్చి, గుమ్మంలోనే గొంతు తగ్గించి అడిగింది.

"వదినె, గీయన నీకేమైతడు?"

"ఏం కాడు. ఇనబడ్డడు, గంతే."

అంజమ్మ లోపలికి తొంగిచూసింది. కార్డు పోస్టులో వేశానని యార్మో ముందే రాశాడు కాబట్టి, దానికోసం పెద్దులు గోడకు మేకు కొడుతున్నాడు. "మరి... అన్నకు ఎర్కేనా?"

"ఆయన గూడ ఇన్నడు," అంది రేణుకమ్మ. అంజమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోతే, కార్డు అందుకుని లోపలికి వెళ్లిపోయింది.