ముప్పై మూడు పౌండ్ల గాలి

రబ్బరు సొల్యూషన్ వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ప్రాణం లేచివస్తుంది. మానుకోట బస్టాండు దగ్గర మా అన్నకు టైర్ల షాపు ఉంది. జనగామలో లెక్కల టీచరుగా కొత్తగా చేరిన రోజుల్లో ఆదివారం వచ్చిందంటే రైలెక్కి అక్కడికే పోయేదాన్ని. ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు!

అన్న ఏడో తరగతితోనే బడి మానేశాడు. కానీ టైరును అరచేత్తో ఒక్కటి చరిచి, తల వంచి కుడిచెవితో వింటే గాలి ఎంతుందో చెప్పేసేవాడు. "ఇరవై ఎనిమిదున్నది" అనేవాడు. మీటరు పెట్టి చూస్తే ఇరవై ఎనిమిదే! పందెం కాసిన ప్రతిసారీ ఓడిపోయి మిర్చి బజ్జీలు తెచ్చేదాన్ని.

పౌండ్లు చూపించే ఆ మీటరు ఒకనాడు కిందపడి పగిలింది. కొత్తది తెస్తే దాని మీద కిలోల లెక్కే ఉంది. వచ్చేవాళ్లేమో పౌండ్లలోనే అడుగుతారు. అన్న పరేషాన్ అయ్యాడు.

"గింతదానికేనా?" అన్నాను. లెక్కల టీచర్ని కదా మరి! కిలోకు రెండు పాయింట్ రెండు పౌండ్లని ఎవరికి తెలియదు? పెయింటు డబ్బా తీసి గోడ మీద పట్టిక రాసేశాను. దాని ప్రకారం ముప్పై మూడు పౌండ్లంటే పదిహేను కిలోలు.

మొదట వచ్చింది గార్ల నుంచి ఒక రైతు. మోటార్ సైకిల్ వెనక చక్రానికి ముప్పై మూడు కొట్టమన్నాడు. మీటరు ముల్లు మూడు దాటగానే అన్న ఆపి, టైరును చరిచి విన్నాడు.

"చెల్లె, ఇగ చాలు. రాయిలెక్క గట్టిగయింది."

"నీ చేతి లెక్కలు నాకు చెప్పకు. పదిహేను రావాలె, కొట్టు!" అని అందరి ముందే కసిరాను.

అన్నకు కోపం రాలేదు. రైతు వైపు చూసి, "మా టీచరమ్మ చెప్పినంక తప్పుతదా!" అని గర్వంగా నవ్వాడు. మళ్లీ గాలి పెట్టి, కుడిచెవి టైరుకు ఆనించాడు. ముల్లు ఏడు దగ్గరికి రాగానే టైరు పేలింది.

చెవిలోంచి రక్తం కారుతుంటే దవాఖానకు తీసుకుపోయాం. లోపల దెబ్బతిన్నదని, కుడిచెవి ఇక వినపడదని చెప్పారు. బయటికి వచ్చాక టైరు ఎందుకు పేలిందని రైతు అడిగితే, "ట్యూబు పాతదే అన్నా, నేనే సూసుకోలే" అన్నాడు అన్న.

మర్నాడు పుస్తకం తీశాను. తూకం లెక్క వేరు, గాలి ఒత్తిడి లెక్క వేరు. టైరులో పౌండు నొక్కేది చదరపు అంగుళం మీద, కిలో నొక్కేది చదరపు సెంటీమీటరు మీద. అంగుళం జాగాలో సెంటీమీటరు జాగాలు ఆరుకు పైనే పడతాయి. కాబట్టి ఒక కిలో ఒత్తిడి అంటే పద్నాలుగు పౌండ్ల పైమాట. ఆ చక్రానికి రెండు కిలోల మీద మూడో వంతు చాలు. అన్న చెయ్యి ఆ మాట మూడు దగ్గరే చెప్పింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఏమో అనుకున్నాను, అది నేనే!

గోడ మీది పట్టిక చెరిపి సరైనది రాశాను. ఎందుకు మార్చావని అన్న అడగలేదు. తెలిసి అడగలేదో, తెలియక అడగలేదో.

ఇప్పుడు భూపాలపల్లిలో పనిచేస్తున్నాను. మొన్న షాపుకు పోయి, ట్యూబుకు ప్యాచీ వేస్తున్న అన్న పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ దాచుకున్న మాట ఎట్టకేలకు అనేశాను.

"అన్నా, నీ చెవి పోయింది నా తప్పు లెక్క వల్లనే."

అన్న తలెత్తలేదు. ట్యూబును రుద్దుతూనే ఉన్నాడు.

నేను కూర్చున్నది ఆయనకు కుడివైపు. కూర్చునేటప్పుడే ఆ సంగతి నాకు తెలుసు.